మూడో చొక్కా

క్లీటస్ తన తుపాకీని పాత దుప్పటిలో చుట్టి తెచ్చి, తమ్ముడి గ్యారేజీలో బల్ల మీద పెట్టి, "దీన్ని కాస్త మనిషిని చెయ్యరా" అన్నాడు.

రీజిస్ దుప్పటి విప్పి చూసి నవ్వాడు. "ఫ్యాక్టరీ దయ ఇదేనా?"

"ఇదే."

ముప్ఫై ఎనిమిదేళ్ళు కార్బన్ పొడి పీల్చినందుకు ఫ్యాక్టరీ వాళ్ళు క్లీటస్‌ను సాగనంపుతూ ఇచ్చిన తుపాకీ అది. గడియారం కావాలా, తుపాకీ కావాలా అని అడిగారట. టైము చూసుకుని ఇంకెక్కడికి పోవాలి, తుపాకీ ఇవ్వండి అన్నాడట క్లీటస్. నాన్న వాడిన పాత తుపాకీని అప్పటికే, ఈరీ ఊళ్ళో కాపురం పెట్టిన తన కూతురికి ఇచ్చేశాడు. ఆ పాతదాంతో ముప్ఫై ఏళ్ళు వేటాడి ఒకే ఒక్కసారి గురి తప్పినవాడు, ఈ కొత్తది చేతికొచ్చాక వరసగా రెండేళ్ళు, ఏడాదికొకటి చొప్పున, రెండు జింకల మీద గురి తప్పాడు.

తప్పితే తప్పాడు, మాంసం పోతే పోయింది అనుకోవడానికి లేదు. కొండల్లో చెక్క ఇల్లులా ఉండే వాళ్ళ వేట క్యాంపులో ఒక రూలుంది. జింక మీద కాల్చి గురి తప్పినవాడి చొక్కా వెనక అంచు కత్తిరించి, దాని మీద పేరూ సంవత్సరమూ రాసి గోడకి మేకు కొడతారు. ఆ కొండల్లో ఏ క్యాంపులో చూసినా ఇదే. అయితే వీళ్ళ క్యాంపులో ఇంకో ముడి కూడా ఉంది. వరసగా మూడేళ్ళు చొక్కా కోయించుకున్నవాడు తుపాకీని గోడ కొక్కేనికి తగిలించి, ఆ పైన వంటగదికే పరిమితం కావాలి. గుడ్లు వేయించాలి, కాఫీ కాచాలి, జింకలు కొట్టుకొచ్చినవాళ్ళ గొప్పలు వినాలి. ఆ రూలు పెట్టింది వీళ్ళ నాన్నే. ఆ రూలుకి తనే చిక్కి, చివరికి వంటగదిలో చచ్చిపోయిందీ ఆయనే.

"మూడో చొక్కా కోయించుకోనురా" అన్నాడు క్లీటస్. "కోయించుకోవాల్సి వస్తే మాత్రం నేనింక ఆ గడప తొక్కను. క్యాంపులో ఆ లియాండర్‌గాడికి గుడ్లు వేయించేకంటే ఇంట్లో కూర్చుని గోడలు చూడటం నయం."

"నీకు అరవై ఆరేళ్ళు. గోడలు చూడటం ఎలాగూ నేర్చుకోవాలిగా."

"నీకు నోరొక్కటే బాగా పెరిగింది."

అది అక్టోబరు రెండో వారం. వేట మొదలవడానికి ఆరు వారాలుంది. వాళ్ళుండే ఎల్క్ కౌంటీలో సంవత్సరమంతా, నవంబరు చివర్లో థాంక్స్‌గివింగ్ పండగ వెళ్ళాక వేట మొదలయ్యే సోమవారం చుట్టూనే తిరుగుతుంది. ఆ రోజు బడులుండవు. ఫ్యాక్టరీలో సగం యంత్రాలు తిరగవు. చావొచ్చినా మంగళవారం రమ్మంటారు.

రీజిస్ పదో తరగతి మధ్యలో బడి మానేసి, అన్న చెయ్యి పట్టుకునే ఆ ఫ్యాక్టరీలో చేరాడు. ఇరవై ఆరేళ్ళు చేశాక, ఒక శుక్రవారం మధ్యాహ్నం నూటపది మందితో కలిపి అతన్నీ బయటికి పంపారు. గడియారమా తుపాకీయా అని అతన్ని ఎవరూ అడగలేదు. అప్పట్నుంచి గ్యారేజీలో ఊరివాళ్ళ తుపాకులు బాగు చేస్తున్నాడు. చదువుకున్నవాళ్ళు గీసిన బొమ్మల్ని చూసి చదువులేనివాళ్ళు చేసిన తుపాకుల్ని, చదువు మానేసిన తను సరిచేయడం అతనికి ఒకలాంటి కసి తీర్చేది.

అన్న వెళ్ళాక, రీజిస్ తుపాకీని రాళ్ళ క్వారీకి తీసుకెళ్ళి, ఇసుక సంచుల మీద ఆనించి వంద గజాల దూరంలో కాగితం మీదికి అయిదు తూటాలు పేల్చాడు. చూస్తే అయిదు అంగుళాల మేర చెల్లాచెదురుగా ఉన్నాయి. క్యాంపులో లియాండర్ రెండేళ్ళుగా, ఆడలేక మద్దెల ఓడు అంటున్నాడు క్లీటస్‌ని. ఇప్పుడు చూస్తే మద్దెల నిజంగానే ఓడు. రీజిస్‌కి అన్న మీద జాలి, ఫ్యాక్టరీల మీద కోపం, ఆ రెంటికీ మించి పెద్ద ఊరట కలిగాయి. తప్పు ఇనుముదైతే ఇనుముని దారికి తేవడం అతనికి తెలుసు.

ముందు ఒక డాలరు నోటు తీసి, గొట్టానికీ దాని కింద పట్టుకోవడానికి ఉండే ప్లాస్టిక్ కర్రకీ మధ్య దూర్చి వెనక్కి జరిపాడు. గొట్టం కింద దేన్నీ తాకకుండా గాలిలో ఉండాలి. తాకిందా, కాల్చినప్పుడల్లా అదురు ఒక్కోసారి ఒక్కో పక్కకి నెడుతుంది. నోటు నాలుగు వేళ్ళు పోయి ఎడమ పక్క ఇరుక్కుంది. ప్లాస్టిక్ ఒంకర పోయి గొట్టాన్ని ఒత్తుతోంది. లావుపాటి చెక్క కడ్డీకి గరుకు కాగితం చుట్టి, రెండు సాయంత్రాలు కూర్చుని ఆ పక్క అరగదీశాడు. నోటు మడతపెట్టి తోసినా చివరిదాకా జారేదాకా వదల్లేదు.

తర్వాత తుపాకీ ఇనుప భాగం కర్రలో కూర్చునే చోటు పట్టాడు. అక్కడ అంతా వదులు. పళ్ళు ఊడిన నోట్లో కట్టుడు పళ్ళలాగా కదులుతోంది. ఆ గుంతని కొంచెం చెక్కి, రెండు డబ్బాల జిగురు కలిపి నింపాడు. ఇనుముకి బూటు పాలిష్ దట్టంగా పట్టించి దాని మీద కూర్చోబెట్టాడు. పాలిష్ ఏ మూలన పట్టించడం మరిచినా తుపాకీ, కర్రా జన్మలో విడిపోవు. అలా అతికించేసి ఏడుస్తూ తన దగ్గరికి తెచ్చినవాళ్ళు అతనికి ముగ్గురు తెలుసు. మర్నాడు రబ్బరు సుత్తితో తడితే చిన్న చప్పుడు చేసి ఊడి వచ్చింది. కింద జిగురు మీద ఇనుము అచ్చు, వేలిముద్ర పడ్డట్టు పడింది. గురి చూసే దుర్భిణి పట్టీల మరలు వదులుగా ఉంటే తీసి శుభ్రం చేసి బిగించాడు. ఏడు పౌండ్ల బలంతో లాగితే గానీ కదలని ట్రిగ్గర్‌ని, స్ప్రింగు మార్చి మూడున్నరకి తెచ్చాడు. ఆ తర్వాత మూడు రకాల తూటాలు తెచ్చి, తుపాకీ దేన్ని మెచ్చుకుంటుందో చూశాడు. అది నూట అరవై అయిదు గ్రెయిన్ల బరువున్న తూటాని మెచ్చుకుంది.

నవంబరు మొదటి శనివారం పొద్దున్నే క్వారీలో మూడు పేల్చాడు. వెళ్ళి చూస్తే మూడు రంధ్రాలూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. పావు డాలరు బిళ్ళ పెడితే మూడూ కప్పుకుపోతాయి. కొత్తగా కొన్న తుపాకీ ఏదీ అతని చేతిలో అంత బాగా కుదరలేదు. కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకున్నాడు. పదింటికి అన్న రావాలి.

క్లీటస్ వచ్చి, బల్ల ముందు కూర్చుని, కర్ర మీద చెంప ఆనించాడు. రీజిస్ కొత్త కాగితం తగిలించి వచ్చి వెనక నిలబడ్డాడు. క్లీటస్ చాలాసేపు కాల్చలేదు. దుర్భిణి వెనక తల ఇటు తిప్పి అటు తిప్పి, కోడి గింజని చూసినట్టు పక్క నుంచి చూస్తున్నాడు.

"ఏంటి?" అన్నాడు రీజిస్.

"ఈ కాగితాలు ఎక్కడ కొన్నావు?"

"ఎప్పుడూ కొనే కొట్లోనే."

"సరిగ్గా అచ్చు వెయ్యట్లేదురా వాళ్ళు. మధ్యలో చుక్క ఉండాల్సిన చోట మసి పూసేశారు. వెధవలు, ఆ ముక్క కూడా సరిగ్గా చెయ్యలేరు."

రీజిస్ కాగితం వైపు చూశాడు. వంద గజాల నుంచి, వట్టి కంటికి కూడా నల్ల చుక్క శుభ్రంగా కనిపిస్తోంది.

క్లీటస్ మూడు పేల్చాడు. రీజిస్ గులకరాళ్ళ మీద నడుచుకుంటూ వెళ్ళాడు. కాగితం కింది మూలలో ఒక రంధ్రముంది. మిగతా రెండూ కాగితంలోనే లేవు. వెనకున్న మట్టి గట్టులోకి పోయాయి.

మట్టిలో పడ్డ గుంతల్ని చూస్తూ అక్కడే నిలబడ్డాడు. తన పదమూడో ఏట ఇదే క్వారీలో, భుజం వెనక నిలబడి, ఊపిరి సగం వదిలి ఆపు, అప్పుడు నొక్కు అని చెప్పింది ఈ అన్నే. మొదటి జింకని కొట్టినప్పుడు ఏడిస్తే, ఎవరికీ చెప్పనులే అని ముక్కు తుడిచిందీ ఇతనే. వెనక నుంచి క్లీటస్ కేక వేశాడు. "ఏరా, లెక్క పెట్టడం మర్చిపోయావా? బడి మానేస్తే అంతే."

రీజిస్ ఆ కాగితం పీకి, ఉండ చుట్టి, గట్టు వెనక్కి విసిరాడు. జేబులోంచి తన కాగితం తీసి మడతలు సాపు చేసుకుంటూ వెనక్కి వచ్చాడు.

"ఇదిగో."

క్లీటస్ దాన్ని మొహానికి దగ్గరగా, ఓ పక్కకి పట్టుకుని చూశాడు. తర్వాత చూపుడు వేలితో తడిమాడు. "ఒకటే బొక్కలా ఉందే."

"మూడూ అక్కడే."

"నేను కాల్చినవే?"

"మరి నేనా?"

క్లీటస్ కాగితాన్ని మడత పడకుండా అరచేతి మీద పెట్టుకుని, పసిపిల్లని మోసినట్టు ట్రక్కు దాకా మోసుకెళ్ళాడు.

థాంక్స్‌గివింగ్ నాడు అన్న ఇంట్లోనే భోజనం. ఆ కాగితం వంటింట్లో ఫ్రిజ్ మీద అంటించి ఉంది. టర్కీ కోయడం అయ్యాక, అంతా హాల్లో ఫుట్‌బాల్ చూస్తుంటే లియోనా వదిన రీజిస్‌ని వంటింట్లో ఆపింది.

"మీ అన్న కాఫీ కప్పు పక్కన పోస్తున్నాడయ్యా. ఏమిటిది అంటే, కప్పు నువ్వే జరిపావంటాడు. మొన్న చర్చిలో పక్కింటి ఆవిడని నేననుకుని చెయ్యి పట్టుకున్నాడు. డాక్టర్ దగ్గరికి పోదామంటే, ముందు సోమవారం వెళ్ళనీ అంటాడు. నువ్వు చెబితే వింటాడు."

"చెబుతాలే వదినా."

"ఎప్పుడు చెబుతావు?"

"వెళ్ళేలోపే చెబుతా."

చెప్పాలనే హాల్లోకి వెళ్ళాడు. క్లీటస్ అప్పటికే అల్లుడి మోచెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి తీసుకొస్తున్నాడు. "ఇది చూడవోయ్. అరవై ఆరేళ్ళవాడి గురి. మా తమ్ముడి పనితనం, నా చెయ్యి." అల్లుడు ఈల వేశాడు. అన్న మొహంలో అంత వెలుగు రీజిస్ రెండేళ్ళుగా చూడలేదు. చెప్పాల్సిన మాట టర్కీ ముక్కతో కలిపి మింగేశాడు.

ఆదివారం క్యాంపుకి వెళ్ళారు. ఆ ఏడు వచ్చినవాళ్ళు నలుగురే. అన్నదమ్ములిద్దరూ, లియాండరూ, క్యాంపుకి పెద్ద దిక్కయిన అర్బన్ మామ. క్లీటస్ చేసిన మొదటి పని, ఆ కాగితాన్ని చొక్కా గుడ్డల పక్కనే గోడకి మేకు కొట్టడం. లియాండర్ సీసా చేత్తో పట్టుకుని వచ్చి చూశాడు.

"ఇంకేం, ఈ ఏడు జింకలు వీలునామాలు రాసుకుంటాయి."

"నీ జింక కూడా నేనే కొడతా. నువ్వు ఈడ్చుకు రా, చాలు" అన్నాడు క్లీటస్.

సోమవారం తెల్లవారేసరికి చీలమండ లోతు మంచు పడింది. క్లీటస్ పల్లంలో బీచ్ అనే జాతి అడవి చెట్ల మధ్య దుంగ మీద కూర్చున్నాడు. రీజిస్ పైన ఎడమ పక్క గట్టు మీద ఉన్నాడు. పదింటికి అర్బన్ మామ ఎదుటి వాలు మీదనుంచి, జింకల్ని కదిలించడానికి, నెమ్మదిగా దిగసాగాడు. వేటగాళ్ళు వేసుకునే నారింజ రంగు కోటు చెట్ల మధ్య నిప్పు నడిచొస్తున్నట్టు కనిపిస్తోంది. ఇలా దిగుతాడని అందరికీ తెలుసు. అతను ఏ పక్క ఉన్నాడో చూసుకుని, ఆ వైపు కాల్చకుండా ఆగుతారు. యాభై ఏళ్ళుగా జరుగుతున్నది అదే.

కొమ్ములకి ఎనిమిది మొనలున్న పోతుజింక ఒకటి అర్బన్ మామకి ముందు నడుస్తూ పల్లంలోకి వచ్చింది. క్లీటస్‌కి అరవై గజాల్లో, పక్క చూపిస్తూ నిలబడింది. దాని వెనక, సూటిగా పైన, ఆ నారింజ కోటు. కాల్చడులే అనుకున్నాడు రీజిస్. అనుకుంటూ ఉండగానే తుపాకీ పేలింది. జింక ఒక్క దూకుతో పొదల్లోకి పోయింది. పైన నారింజ కోటు మంచులో బోర్లా పడింది.

రీజిస్ ఎలా దిగాడో, ఎలా ఎక్కాడో, వెళ్ళేసరికి అర్బన్ మామ లేచి కూర్చుని టోపీలోంచి బెరడు పొడి దులుపుకుంటున్నాడు. నిలబడితే ఆయన తల ఉండే చోటికి మూరెడు పైన బీచ్ చెట్టు తెల్లగా చిట్లి ఉంది.

"ఎవరు కాల్చింది?" అన్నాడు ముసలాయన, చాలా మామూలుగా.

"క్లీటస్."

"నన్ను చూడలేదా వాడు?"

రీజిస్ ఆయన చంకల కింద చేతులేసి లేవనెత్తాడు.

మధ్యాహ్నం క్యాంపు ముందు నలుగురూ నిలబడ్డారు. క్లీటస్ మొహం పాలిపోయి ఉంది. అర్బన్ మామకి నాలుగుసార్లు క్షమాపణ చెప్పాడు. అయిదోసారి చెప్పబోతుంటే ముసలాయన, "చాల్లేరా, బతికే ఉన్నాగా" అన్నాడు. ఆ తర్వాత జేబులోంచి కత్తెర తీశాడు.

"నిన్న ట్రక్కులో తుపాకీ పడింది" అన్నాడు క్లీటస్. "దుర్భిణి కదిలి ఉంటుంది. అందుకే తూటా అంత పైకి పోయింది. గోడ మీద కాగితం చూశారుగా. నాది తప్పయితే అది ఎక్కడిది?"

ఆ మాటకి లియాండర్ కూడా వెటకారం చెయ్యలేదు. క్యాంపులో దానికీ ఒక పద్ధతుంది. తప్పు తుపాకీదని అన్నవాడి తుపాకీని ఇంకొకడు కాల్చి చూడాలి. అరవై అడుగుల్లో చెట్టుకి కాగితం పళ్ళెం మేకు కొడతారు. తూటా పళ్ళేనికి తగలకపోతే చొక్కా కొయ్యరు. మధ్యలో తగిలితే కోస్తారు.

"రీజిస్, నువ్వు కాల్చు. నీ పనేగా" అని అర్బన్ మామ తుపాకీ చేతిలో పెట్టాడు.

చేతిలోకి తీసుకోగానే తెలిసిపోయింది. దుర్భిణి మరలు తాను బిగించినట్టే ఉన్నాయి. వెంట్రుక వాసి కదల్లేదు. పళ్ళేనికి గురి పెట్టాడు. గురి జానెడు ఎడమకి జరిపితే చాలు, అన్న చొక్కా అన్న ఒంటి మీదే ఉంటుంది. తన పనితనం మీద మచ్చ పడుతుంది, పడనీ. రెండు రోజులు లియాండర్ నవ్వుతాడు, నవ్వనీ. కానీ తర్వాత? దుర్భిణి సరిచేసి తుపాకీని మళ్ళీ అన్న చేతికే ఇస్తారు. రేపు పొద్దున ఆ వాలు మీదనుంచి దిగే వంతు లియాండర్‌ది. చిట్లిన బీచ్ చెట్టు అతని కళ్ళ ముందు నిలిచింది.

ఊపిరి సగం వదిలి, ఆపి, నొక్కాడు.

"ఎక్కడ తగిలింది?" అని వెంటనే అడిగాడు క్లీటస్.

పళ్ళెం ముందున్న హెమ్లాక్ చెట్టుకి ఉంది. క్లీటస్ కళ్ళు చిట్లించి ఆశగా చూస్తున్నది దాని పక్క చెట్టు వైపు. అక్కడ మంచు పట్టిన కొమ్మ తప్ప ఏమీ లేదు. లియాండర్ అది చూశాడు. అర్బన్ మామ చూశాడు. లియాండర్ నెమ్మదిగా వెళ్ళి పళ్ళెం పీకి తెచ్చి, దాచుకోబోతున్నవాడిలా వీపు వెనక పట్టుకున్నాడు.

"ఎక్కడరా?"

"మధ్యలో" అన్నాడు రీజిస్.

అర్బన్ మామ కత్తెర జేబులో పెట్టుకున్నాడు. "పోనీలేరా క్లీటస్. ఇవాళ చలి బాగా ఎక్కువగా ఉంది. లోపలికి పదండి, సూప్ వేడిచేద్దాం."

క్లీటస్ అందరి మొహాల వైపూ తల తిప్పి చూశాడు. వెక్కిరింతకి అలవాటు పడ్డ మనిషి అతను. ఎవరూ వెక్కిరించకపోయేసరికి అతనికి అర్థమైంది. కోటు గుండీలు విప్పి, ప్యాంటులోంచి చొక్కా అంచు తనే బయటికి లాగి, వెనక్కి తిరిగి నిలబడ్డాడు.

"కొయ్యి మామా."

"వద్దులేరా."

"రూలు మా నాన్న పెట్టింది. కొయ్యి."

గళ్ళ చొక్కా గుడ్డ కరకరమని తెగింది. ముసలాయన కోసిన అంచు వంకరగా వచ్చింది.

ఆ మధ్యాహ్నమే ఇంటికి దింపమన్నాడు క్లీటస్. నలభై మైళ్ళ దారి. సగం దూరం దాటింది. ట్రక్కు హీటరు రొద పెడుతోంది.

"క్వారీలో కాగితం నీది" అన్నాడు క్లీటస్, రోడ్డు వైపు చూస్తూ.

"నాదే."

"నావి ఎక్కడ పోయాయి?"

"ఒకటి మూలన తగిలింది. రెండు గట్టులోకి."

క్లీటస్ తల ఊపాడు. "ఈ కంటి మధ్యలో మసి పట్టి ఏడాదిన్నరయిందిరా. నాకు తెలుసు. లియోనాకి తెలుసని కూడా తెలుసు. తుపాకీది తప్పేమో అన్న ఆశ ఒక్కటే ఉండేది. అందుకే నీ దగ్గరికి తెచ్చా. నువ్వు బాగు చేశాక కూడా క్వారీలో తగలకపోతే, అక్కడే దాన్ని నీ చేతిలో పెట్టేసి మానుకుందామనుకున్నా. ఎవరికీ చెప్పలేదు. నాకు నేనే అనుకున్నా."

రీజిస్ ట్రక్కు వేగం తగ్గించాడు.

"ఆ కాగితం చూశాక కదరా, నా కన్ను బాగానే ఉందని నమ్మింది. ఇంకా నయం, మూరెడు పైకి పోయింది. కొంచెం కింద తగిలి ఉంటే ముసలాయన కూతుళ్ళకి నేనేం చెప్పాలి?"

"నీ మొహం చూసి చెప్పలేకపోయాను."

"నా మొహం చూసి చెప్పలేదు. ఆయన మొహం గుర్తు రాలేదా నీకు?"

ఇంటి ముందు ట్రక్కు ఆపేసరికి లియోనా తలుపు తీసుకుని గుమ్మంలోకి వచ్చింది. సోమవారం మధ్యాహ్నం వీళ్ళు తిరిగి రావడమేమిటో ఆవిడకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. రీజిస్ దిగి చెయ్యి ఆసరా ఇవ్వబోతే క్లీటస్ ఆ చేతిని పక్కకి తోశాడు. ట్రక్కు పక్క తడుముకుంటూ, తర్వాత కంచె తడుముకుంటూ, తర్వాత భార్య భుజం తడుముకుంటూ లోపలికి పోయాడు. వదిన ఒక్కసారి వెనక్కి తిరిగి రీజిస్ వైపు చూసి, ఏమీ అడగకుండా తలుపు వేసుకుంది.

రీజిస్ మళ్ళీ ట్రక్కెక్కి, ఇంజను ఆపకుండా అలాగే కూర్చున్నాడు. అద్దం మీద మంచు పేరుకుంటూ ఉంది. లోపలికి రమ్మని ఎవరూ పిలవలేదు.